ఎనిమిది జరీ ముక్కలు, ఒక ఎడమ భుజం: నా చీగోంగ్ డైరీ

1వ వారం

తర్వాత మర్చిపోకుండా లెక్కలు ముందే రాసి పెట్టుకుంటున్నాను. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో గోడ ఎక్కిస్తూ పోతే నా కుడి చెయ్యి నేల నుంచి 190 సెంటీమీటర్ల దాకా వెళ్తుంది. ఎడమ చెయ్యి 138 దగ్గర ఆగిపోతుంది. అక్కడ లోపల ఎవరో గడియ పెట్టినట్టు ఉంటుంది. జుట్టు ముడి వేసుకోవాలంటే చెయ్యి తల దగ్గరికి రాదు కాబట్టి, ఏడు నెలలుగా తలనే చేతి దగ్గరికి వంచుకుంటున్నాను. ఒంటికాలి మీద నిలబడితే కుడికాలు 11 సెకన్లు, ఎడమకాలు 6.

ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. ఇది నలభై, అరవై ఏళ్ల మధ్య ఎక్కువగా వస్తుందని, అందులోనూ ఆడవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. మూడు దశలట. ముందు నొప్పితో బిగుసుకుంటుంది. తర్వాత నొప్పి తగ్గి బిగువు మిగులుతుంది. ఆ తర్వాత నెమ్మదిగా విడుస్తుంది. మొత్తం మీద ఏడాది నుంచి మూడేళ్లు పట్టొచ్చు. నేను రెండో దశలో ఉన్నాను. కాబట్టి రేపు చెయ్యి పైకి లేచినా అది చీగోంగ్ (నేను ఈ వారం మొదలుపెట్టిన చైనా వాళ్ల నెమ్మది కదలికల సాధన) వల్లనే అని గట్టిగా చెప్పలేను, దానంతట అదే విడిచి ఉండొచ్చు. ఈ మాట మొదటి పేజీలోనే ఉండాలి.

తెనాలిలో ముప్పై ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. మనవడి కోసం సింగపూర్‌లో, ఆంగ్ మో కియోలో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. ఇక్కడ ప్రతి అపార్ట్‌మెంట్ బ్లాకు కింద గోడలు లేకుండా స్తంభాల మధ్య ఖాళీగా వదిలేస్తారు, వాయిడ్ డెక్ అంటారు. మా బ్లాకు కింద రోజూ పొద్దున ఏడుంబావుకు పన్నెండు, పదిహేను మంది పెద్దవాళ్లు చిన్న స్పీకర్ పెట్టుకుని చేతులు నెమ్మదిగా పైకెత్తి దించుతుంటారు. మనవణ్ణి స్కూలు బస్సు ఎక్కించి వస్తూ రోజూ చూసేదాన్ని. సోమవారం చివరి వరసలో నిలబడ్డాను. ఎవరూ ఏమీ అడగలేదు. పక్కనున్న ఆవిడ కొంచెం జరిగి చోటిచ్చింది, అంతే.

2వ వారం

వాళ్లు చేసేది బాదువాన్‌జిన్. అంటే ఎనిమిది జరీ పట్టు ముక్కలు. ఎనిమిది కదలికలు, ఒక్కోటి ఆరుసార్లు, చివరిది మాత్రం ఏడుసార్లు. మొదలు నుంచి చివరి దాకా పన్నెండు నిమిషాలు.

నేర్పే ఆవిడకు 74 ఏళ్లు. అందరూ ఆంటీ అంటారు, నేనూ అలాగే అంటున్నాను. ఆవిడకు ఇంగ్లీషు కొద్దిగా వచ్చు, నాకు చైనీస్ అసలు రాదు. కానీ మొదటి వారంలోనే రెండు మాటలు వచ్చేశాయి. ఒకటి "మాన్ మాన్ లాయ్", మెల్లగా కానీ అని. రెండోది "సోంగ్". ఆ మాట అనడానికి ముందు ఆవిడ నా వెనక్కి వచ్చి రెండు భుజాల మీద రెండు వేళ్లు ఆనిస్తుంది. నొక్కదు, ఊరికే ఆనిస్తుంది. అప్పుడు తెలుస్తుంది, నా భుజాలు చెవుల దాకా ఎక్కి కూర్చున్నాయని. సోంగ్ అంటే వదులు చెయ్యి అని అర్థం.

మొదటి కదలిక పేరు "రెండు చేతులతో ఆకాశాన్ని మొయ్యడం". పొట్ట ముందు రెండు చేతుల వేళ్లు ఒకదానిలో ఒకటి పెనవేసి, అరచేతులు పైకి పెట్టి, ఛాతీ దాకా తేవాలి. అక్కడ అరచేతుల్ని లోపలి వైపు నుంచి తిప్పుతూ పైకి తోయాలి. అరచేతులు ఆకాశం వైపు, చూపు చేతుల వెంట. తర్వాత తల మామూలుగా పెట్టి, రెండు క్షణాలు అలాగే సాగదీసి, చేతులు విడదీసి పక్కల నుంచి దించుతూ మోకాళ్లు కొద్దిగా వంచాలి.

నాకు ఛాతీ దాటాక గడియ పడింది. ఆంటీ నా చేతులు చూసి, "ఇక్కడిదాకే చాలు" అన్నట్టు గడ్డం దగ్గర గాల్లో గీత గీసింది. అప్పుడు గమనించాను, వేళ్లు పెనవేసి ఉండటం వల్ల కుడి చెయ్యి ఎడమ చెయ్యిని తనతోపాటు మోసుకుపోతోంది. ఫిజియోథెరపీ అమ్మాయి పడుకుని చేయించేది కూడా అచ్చం ఇదే, బాగున్న చేత్తో బాగాలేని చేతిని పట్టుకుని లేపడం. ఆ అమ్మాయిని అడిగితే, "చెయ్యండమ్మా, మంచిదే. నొప్పి మొదలైన చోట ఆగిపోండి" అంది.

3వ వారం

ఎనిమిది పేర్లూ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. మూలంలో ప్రతి పేరూ ఏడక్షరాల పాదమట, మన సామెతల్లా నోటికి రావడానికి. నేను నాకు అర్థమైనట్టు రాసుకున్నాను. ఆకాశాన్ని మొయ్యడం. విల్లెక్కుపెట్టి డేగను కొట్టడం. ఒక చెయ్యి పైకి, ఒక చెయ్యి కిందికి, ఇది అరుగుదలకు. వెనక్కి తిరిగి చూడటం. తల ఊపి తోక ఆడించి గుండెలో మంట దించడం. పాదాలు అందుకుని నడుము గట్టిచెయ్యడం. కళ్లురిమి పిడికిలి గుద్దడం. మడమలు ఏడుసార్లు లేపి వదిలితే వంద రోగాలు మాయం.

ఈ చివరి పేరును అక్షరాలా తీసుకోకూడదు. పాత వైద్యం తన మాటల్లో చెప్పుకున్న సంగతి అది. షుగర్ మాత్రలు మానేసి ఇది చేస్తే చాలని చెప్పే వీడియోలు ఫోన్‌లో చాలా కనిపిస్తున్నాయి, తెలుగులో కూడా. వాటిని చూస్తే నాకు భయం వేస్తుంది. మా గుంపులో బీపీ, షుగర్ మాత్రలు వేసుకోనివాళ్లు ఇద్దరో ముగ్గురో. వ్యాయామం అయ్యాక బెంచీ మీద కూర్చుని మాత్రలు వేసుకుని, కాఫీ తాగి వెళ్తారు.

విల్లు నాకు అన్నిటికంటే ఇష్టమైంది. కాళ్లు ఎడంగా పెట్టి గుర్రం మీద కూర్చున్నట్టు కొంచెం దిగాలి. విల్లు పట్టే చేతికి బొటనవేలు, చూపుడువేలు మాత్రం చాచి ఉంటాయి, మిగతా మూడూ మడిచి ఉంటాయి. తాడు లాగే చెయ్యి భుజం దగ్గరికి వస్తుంది. నా ఎడమ చెయ్యి పక్కకు భుజమెత్తు కూడా రాదు కాబట్టి నా విల్లు నేల వైపు వంగి ఉంటుంది. ఆంటీ దాన్ని సరిచెయ్యలేదు. మోకాలు మాత్రం చూపించింది: లోపలికి పడుతోంది, పాదం వేళ్ల వైపు ఉంచు అని.

5వ వారం

ఈ వారం తప్పు చేశాను.

మంగళవారం కొలిస్తే ఎడమ చెయ్యి 143 వచ్చింది. అయిదు సెంటీమీటర్లు! ఆ సంతోషంలో ఇంటికొచ్చి మళ్లీ చేశాను, మధ్యాహ్నం మళ్లీ, సాయంత్రం మళ్లీ. మొదటి కదలికే ఇరవైసార్లు, ప్రతిసారీ గడియ దగ్గర ఇంకొంచెం తోస్తూ. రాత్రి రెండింటికి నొప్పితో మెలకువ వచ్చింది. ఎడమ పక్కకు తిరగలేను, కుడి పక్కకు తిరిగితే చెయ్యి బరువుకే లాగుతోంది. దిండు ఒళ్లో పెట్టుకుని, దాని మీద చెయ్యి ఆనించుకుని కూర్చుండిపోయాను. అమ్మాయి లేచి వచ్చి, "అమ్మా, ఎందుకింత పట్టుదల" అంటూ వేడి నీళ్ల బ్యాగు పెట్టింది. మూడు రోజుల తర్వాత కొలిస్తే 136.

ఆంటీకి చేతులతో సైగ చేసి చెప్పాను. ఆవిడ తన అరచేతి మీద వేలితో పది గీతలు గీసినట్టు చూపించి, ఏడో గీత దగ్గర ఆపింది. "సెవెన్. ఓన్లీ సెవెన్." పదిలో ఏడు వంతులే వెళ్లాలి, మూడు మిగుల్చుకోవాలి. తర్వాత మిగతావాళ్లను చూస్తే అర్థమైంది, అందరూ తమ తమ ఏడు దగ్గర ఆగుతున్నారు. అందుకే చూడటానికి అంత నింపాదిగా ఉంటుంది.

స్కూల్లో ముప్పై ఏళ్లు పిల్లల్ని "ఇంకో రెండు మార్కులు, ఇంకో రెండు మార్కులు" అంటూ తరిమినదాన్ని. ఏడు దగ్గర ఆగడం నాకు ఆకాశాన్ని మొయ్యడం కంటే కష్టంగా ఉంది. ఇక నుంచి కొలత రెండు వారాలకు ఒకసారే.

6వ వారం

భుజానికి విశ్రాంతి. ఎడమ చెయ్యి నడుము దగ్గరే పెట్టుకుని కుడి చేత్తో మాత్రమే చేస్తున్నాను. సమయం మిగిలింది కాబట్టి లైబ్రరీకి వెళ్లి చదివాను.

చీగోంగ్ అన్న పేరు వాడుకలోకి వచ్చింది ఈమధ్యే. చైనాలోని హెబెయ్ రాష్ట్రంలో ల్యూ గుయ్‌జెన్ అనే ఆయన తన కడుపు పుండు ఈ సాధనతో తగ్గించుకుని, 1950లలో దీన్ని ఆరోగ్య కేంద్రాల్లో నేర్పించడం మొదలుపెట్టాక ఈ పేరు స్థిరపడింది. చీ అంటే ఊపిరి, ప్రాణశక్తి. గోంగ్ అంటే కాలం పెట్టి చేసిన సాధన. పేరు కొత్తదే కానీ పని చాలా పాతది. పాత పేరు దావోయిన్. 1973లో హునాన్ రాష్ట్రం చాంగ్‌షా దగ్గర మవాంగ్‌దుయ్ అనే చోట ఒక సమాధి తవ్వితే అందులో పట్టుగుడ్డ మీద 44 మనుషుల బొమ్మలు దొరికాయి, అందరూ వ్యాయామం చేస్తూ. ఆ సమాధిని మూసింది క్రీస్తుపూర్వం 168లో. బొమ్మల్లో మగవాళ్లున్నారు, ఆడవాళ్లున్నారు, ముసలివాళ్లున్నారు. ఒక పుస్తకంలో వాటి రంగు ఫోటో దొరికింది, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. రెండు చేతులూ పైకెత్తిన బొమ్మ మీద వేలు పెట్టి చూసుకున్నాను.

బాదువాన్‌జిన్ అన్న పేరు పన్నెండో శతాబ్దపు సోంగ్ రాజవంశం కాలం రచనల్లోనే ఉంది. మేము చేసే క్రమం మాత్రం చైనా క్రీడాశాఖ 2003లో ప్రామాణికంగా తయారుచేసి విడుదల చేసిన నాలుగు చీగోంగ్ పద్ధతుల్లో ఒకటి. మిగతా మూడిట్లో అయిదు జంతువుల ఆట ఒకటి, పులి, జింక, ఎలుగుబంటి, కోతి, పక్షి. దాన్ని హువా తువో అనే ప్రాచీన వైద్యుడి పేరుతో చెప్పుకుంటారు.

ఇదంతా వీడియో కాల్‌లో గుంటూరులో ఉన్న మా అక్కయ్యకు చెప్తే, "ఏమే, ఇదంతా మన కాంచీపురం నుంచి పోయిన బోధిధర్ముడు నేర్పిందే కదా" అంది. చాలామంది అలా అనుకుంటారు, నేనూ అనుకున్నాను. కానీ బౌద్ధ భిక్షువైన ఆ బోధిధర్ముడు చైనా వెళ్లినట్టు చెప్పే కాలం క్రీస్తుశకం అయిదో, ఆరో శతాబ్దం. మవాంగ్‌దుయ్ పట్టుగుడ్డ దానికి ఆరేడు వందల ఏళ్లు ముందుది. ఆయన పేరు పెట్టుకున్న యీజిన్‌జింగ్ అనే వ్యాయామ గ్రంథం పదిహేడో శతాబ్దానిదని పరిశోధకులు తేల్చారు. మన వైపు నుంచి నిజంగా వెళ్లిన జాడ వేరే ఒకటుంది: ఏడో శతాబ్దపు చైనా వైద్యుడు సున్ సిమియావో తన గ్రంథంలో పద్దెనిమిది కదలికల వరస ఒకటి రాసి, ఇది భారతదేశపు మర్దన, బ్రాహ్మణుల పద్ధతి అని చెప్పాడు. అక్కయ్యకు ఇది విన్నాక ఇంకా సంతోషమైంది. ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా జరిగిందంటే నాకూ అదే బాగుంది.

8వ వారం

ఎడమ చెయ్యి 145. రాత్రి నిద్ర బాగుంది.

అయిదో కదలిక అన్నిటికంటే కష్టం. గుర్రం మీద కూర్చున్నట్టు దిగి, చేతులు తొడల మీద పెట్టి, ఒంటిని ఒక పక్కకు వంచి, ముందు నుంచి రెండో పక్కకు తిప్పుతూ, తోక ఉన్నట్టు ఊహించుకుని నడుము కిందిభాగాన్ని ఎదురు వైపు తిప్పాలి. టెన్షన్‌తో గుండెలో పేరుకునే మంట దిగుతుందని పాతవాళ్ల మాట. మంట సంగతి ఏమో కానీ, ఆ కదలిక జరుగుతున్నంతసేపు వేరే ఆలోచన రావడానికి చోటే ఉండదు. నేను చాలా తక్కువ దిగుతాను, తల గుండె కంటే కిందికి పోనివ్వను.

ఆరోదానిలో చేతులతో నడుము నుంచి కాళ్ల వెనకగా రాసుకుంటూ పాదాల దాకా వంగాలి. బీపీ ఉన్నవాళ్లు, కళ్లు తిరిగేవాళ్లు, గ్లాకోమా అనే కంటిజబ్బు ఉన్నవాళ్లు అంత వంగకూడదు. మా గుంపులో ఒకాయన మోకాళ్ల దగ్గరే ఆగుతాడు. లేచేటప్పుడు ముందు చేతులు చాచి, వాటి వెనకే నడుము ఎత్తాలి. గభాలున లేవకూడదు.

9వ వారం

వాన. ఇక్కడ డిసెంబరు, జనవరిలో ఈశాన్య రుతుపవనాల వాన ఒక్కోసారి రోజంతా ఆగదు. వాయిడ్ డెక్ కాబట్టి తడవకుండా అయిదు రోజులూ చేశాం. పొగలాంటి జల్లు మధ్య పదకొండు మంది ఒకేసారి మడమలు దించిన చప్పుడు బాగుంది.

11వ వారం

చైనా కొత్త సంవత్సరం. గుంపుకు పది రోజులు సెలవు. ఆంటీకి నారింజలు రెండు పట్టుకెళ్లాను, జతగానే ఇవ్వాలని అమ్మాయి చెప్పింది. ఆవిడ రెండు చేతులతో అందుకుని, వేరే రెండు తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఒక్కదాన్నే బిషాన్ పార్కులో నది పక్కన చేసుకున్నాను. 2012లో సిమెంటు కాలవను తీసేసి మళ్లీ నదిగా మలిచిన చోటు అది. సూర్యుడు ఏడింటికి గానీ రాడు, అప్పటిదాకా నీళ్లు నల్లగా ఉంటాయి. నీటిపిల్లుల (ఆటర్ల) కుటుంబం ఒకటి గట్టెక్కి ఒళ్లు దులుపుకుని మళ్లీ దిగింది. స్పీకర్ లేదు, ముందు ఎవరూ లేరు. నాలుగో కదలిక దగ్గర వరస మర్చిపోయి ఆగాను. ఆగినప్పుడు భుజాలు చూసుకుంటే మళ్లీ చెవుల దగ్గరున్నాయి. ఎవరూ వేళ్లు ఆనించలేదు, నేనే "సోంగ్" అనుకున్నాను. దిగాయి.

12వ వారం

153.

అక్కయ్యకు మోకాళ్ల నొప్పులు, నిలబడి చెయ్యడం కుదరదు. కుర్చీలో కూర్చోబెట్టి వీడియో కాల్‌లో చేయిస్తున్నాను. చేతులున్న కుర్చీ వద్దు, చక్రాలున్నది అసలే వద్దు, గోడకు ఆనించిన చెక్క కుర్చీ తెచ్చుకోమన్నాను. పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి. "అక్కయ్యా, నీళ్ల గంగాళం ముందు నుంచి పట్టుకున్నట్టు చేతులు గుండ్రంగా పెట్టు" అంటే చప్పున వచ్చేసింది. చెట్టును కావలించుకున్నట్టు అని ఆంటీ చెప్పే మాట కంటే మాకు గంగాళమే అందుతుంది.

ఊపిరి దగ్గర మాత్రం తగాదా వచ్చింది. ఆవిడ ప్రాణాయామం లెక్కలో బిగబట్టడం మొదలుపెట్టింది. మాకు నేర్పినదాంట్లో బిగబట్టడం లేదు. చెయ్యి లేచేటప్పుడు లోపలికి, దిగేటప్పుడు బయటికి, అదీ తనంతట తాను కుదిరినప్పుడు. మొదట్లో ఊపిరి మర్చిపోయి కదలికలే నేర్చుకోమంటారు. కుదరకపోతే మామూలుగా పీల్చు అన్నాను.

"అరచేతులు వెచ్చబడ్డాయే" అంది మూడో రోజు. నాకూ అలాగే ఉంటుంది. ఆంటీ దాన్ని చీ అంటుంది, ఫిజియోథెరపీ అమ్మాయి రక్తప్రసరణ అంటుంది. నాకు రెండు మాటలూ అభ్యంతరం లేదు.

14వ వారం

మొదట్నుంచీ తేలిగ్గా చేసేస్తున్నాననుకున్న ఎనిమిదోది తప్పుగా చేస్తున్నానట. మడమలు లేపి, ఒక్క క్షణం ఆగి, వదలాలి. నేను మెత్తగా, చప్పుడు కాకుండా దించుతున్నాను. ఆంటీ నా పక్కన నిలబడి చేసి చూపించింది: సగం దాకా నెమ్మదిగా, ఆఖర్న టప్పుమని చిన్న తాకిడి. అది వెన్ను దాకా అందాలట. అలాగని నేలను గుద్దకూడదు. ఎముకలు గుల్లబారినవాళ్లను మాత్రం ఆ తాకిడి లేకుండా మెత్తగానే దించమంది, స్తంభం పట్టుకుని. నాకు పోయిన ఏడాది ఎముకల పరీక్ష చేశారు, ఫరవాలేదన్నారు. టప్పుమనిపించాను. ఆవిడ తలాడించి ముందు వరసకు వెళ్లిపోయింది.

16వ వారం

ఎడమ చెయ్యి 167. కుడికాలు 24 సెకన్లు, ఎడమకాలు 19. షుగర్ మూడు నెలల పరీక్ష దాదాపు పోయినసారి లాగానే ఉంది, మాత్రలు మారలేదు.

గడియ ఇంకా ఉంది, కానీ ముందున్న చోట లేదు. పైకి జరిగింది. దాని దగ్గరికి వెళ్లి ఏడు వంతుల్లో ఆగి, ఊపిరి వదిలి, వచ్చేస్తున్నాను. వెనక్కి తిప్పడం ఇంకా రాదు, జాకెట్టు హుక్కులు అమ్మాయే పెడుతుంది. ఫిజియోథెరపీ అమ్మాయి ఇప్పుడు విడిచే దశ మొదలైందంది. వచ్చే నెల నుంచి తువ్వాలు వీపు వెనక పట్టుకుని లాగే వ్యాయామం కలుపుతుంది.

మే నెలలో తెనాలి ప్రయాణం. అక్కడ ఆ ఎండల్లో ఏడుంబావు అంటే ఆలస్యం, అయిదున్నరకే మొదలుపెట్టాలి. డాబా మీద చేద్దామనుకుంటున్నాను. నీళ్ల ట్యాంకు పక్కన ఆరడుగుల చదును ఉంది, ముందు దాని పిట్టగోడ పక్క ఇటుకలు తీయించాలి. అక్కయ్య గుంటూరు నుంచి వచ్చి వారం ఉంటానంది, చెక్క కుర్చీ పైకి చేర్చే పని మా మరిదికి అప్పజెప్పాను. ఆంటీకి సంగతి చెప్తే, స్పీకర్‌లో మేము రోజూ పెట్టుకునే సంగీతం నా ఫోన్‌లోకి ఎక్కించి పెట్టింది.

ఈ రోజు పొద్దున అద్దం ముందు నిలబడి జుట్టు ముడి వేసుకున్నాను. తల వంచలేదు. పిన్ను పెట్టడానికి మాత్రం కుడి చెయ్యే సాయం వచ్చింది.